జ్వరముందని చెప్పిన మనిషిని గేటు దగ్గర ఆపొద్దు: కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి ఒక డయాలసిస్ పేషెంటు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి (డీఎంహెచ్‌ఓ) గారికి, జిల్లాలో డయాలసిస్ సెంటర్లు నడుపుతున్న ఆస్పత్రుల యాజమాన్యాలకు,

నమస్కారం.

నేను పత్తికొండ టమాటా మార్కెట్లో ఒక మండీలో లెక్కలు రాసుకునేవాణ్ణి. రెండు కిడ్నీలూ పోయినప్పటి నుంచి వారానికి మూడుసార్లు బస్సెక్కి కర్నూలు వచ్చి డయాలసిస్ చేయించుకుంటున్నాను. మిగతా రోజుల్లో టమాటా గంపల మధ్యే నా కూర్చోవడం, కానీ ఒక్క పండు కొరకడానికి లేదు. పొటాషియం పెరిగితే గుండె ఆగుతుందని డాక్టరు కట్టడి. మా షావుకారు దీనికి రోజూ నవ్వుతాడు, నేనూ నవ్వుతాను.

ఈ లేఖ కరోనా గురించి. ‘ఇంకా యాడిదప్పా కరోనా’ అని మీ ఆఫీసులో ఎవరైనా అనవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది, నిజమే. వైరస్ మాత్రం ఊరు విడిచి పోలేదు. 2025 మే, జూన్‌లలో దేశంలో మళ్లీ కేసులు కనపడ్డాయి, టీవీలో రెండు వారాలు స్క్రోలింగ్ నడిచింది, తర్వాత అందరూ మరిచిపోయారు. మామూలు మనిషికి అది ఇప్పుడు నాలుగు రోజుల జలుబు, దగ్గు. కిడ్నీలు పోయిన మనిషి సంగతి వేరు. ఒంట్లో పేరుకునే మలినాల వల్ల రోగనిరోధక శక్తి సగం చచ్చి ఉంటుంది. దాని మీద షుగరు, బీపీ, గుండె జబ్బు. మాలో వీటిల్లో ఒక్కటీ లేనివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2020లో టీకాలు రాకముందు యూరప్ దేశాల రిజిస్ట్రీలు లెక్క తీస్తే, కోవిడ్ సోకిన డయాలసిస్ పేషెంట్లలో నెల తిరక్కుండా చనిపోయినవాళ్లు ఐదో వంతుకు తక్కువ లేరు. అక్కడ వైద్యం మనకన్నా మెరుగు. ఇక్కడ మన సెంటర్లలో ఎంతమంది పోయారో ఏ బోర్డు మీదా రాయలేదు. పక్క బెడ్డు ఖాళీ అయితే మేమే అర్థం చేసుకునేవాళ్లం.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు దేశమంతటికీ ఇచ్చిన మందు ఒకటే, ఇంట్లో ఉండమని. ఆ మందు పనికిరాని కొద్దిమందిలో మేం ముందుంటాం. ఒక్కసారి డయాలసిస్ తప్పితే రెండు మూడు కిలోల నీరు ఒంట్లో ఉండిపోతుంది. రెండోది తప్పితే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. అందుకని ఊరంతా తలుపులు మూసుకున్న రోజుల్లో, రాష్ట్రంలో అందరికన్నా ఎక్కువ కేసులు మన కర్నూలులోనే ఉన్న ఆ ఏప్రిల్‌లో, మేం రోజు విడిచి రోజు రోడ్డెక్కాం. బస్సులు లేవు. ప్రభుత్వం ఇచ్చే పదివేల పింఛను కారు బాడుగకే చాలేది కాదు. హాస్పిటల్ కాగితాలనే పాసుగా చూడమని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది గానీ, చెక్‌పోస్టు దగ్గర ఎండలో నిలబడ్డ కానిస్టేబులుకు ఫైలు చదివే ఓపిక ఎక్కడిది? చొక్కా చెయ్యి పైకి మడిచి, డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి తయారుచేసిన ఫిస్టులా చూపించేవాణ్ణి. మోచేతి కింద పాములా ఉబ్బిన నరం, దాని మీద సూదుల గాట్లు. ఒకాయన వేలు పెట్టి చూసి, లోపల జిర్రుమని కొట్టుకుంటుంటే ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత మా బండిని ఎప్పుడూ ఆపలేదు.

దారి సంగతి అట్లా గడిచిపోయింది. అసలు కష్టం సెంటరు గేటు దగ్గర మొదలైంది. నేను ఈ లేఖ రాస్తున్నది దాని కోసమే.

2021 మే నెల. తుగ్గలి వైపు నుంచి ఒకామె మా షిఫ్టుకే వచ్చేది. బాడుగ బండి దొరక్క ఒక డయాలసిస్ తప్పింది. తర్వాతి షిఫ్టుకు వచ్చేసరికి కూర్చుని కూడా ఊపిరి పీల్చుకోలేకపోతోంది. వేలికి పెట్టే మిషన్‌లో ఆక్సిజన్ 86. ‘కోవిడ్ రిపోర్టు తీసుకురండి, నెగెటివ్ ఉంటే ఎక్కిస్తాం’ అన్నారు. పరీక్షకు శాంపిల్ ఇచ్చారు. రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులన్నారు. ఈలోగా కోవిడ్ ఆస్పత్రికి పోతే అక్కడ సీటీ స్కాన్ తీసి ఊపిరితిత్తుల్లో తెల్లగా ఉంది, కోవిడే అన్నారు. సరే చేర్చుకోండి అంటే, డయాలసిస్ పేషెంటు అని తెలిసి, మా దగ్గర డయాలసిస్ మిషన్ లేదు అన్నారు. అయ్యా, ఇది గమనించండి. కోవిడ్ చూసేచోట మిషన్ లేదు, మిషన్ ఉన్నచోట కోవిడ్‌కు చోటు లేదు. ఆ రెండు గేట్ల మధ్య ఆటోలో ఆమె, ఆమె కొడుకు. చివరికి మెడలో సరుడు కుదువ పెట్టి, అడిగినంత డబ్బు కట్టి, ఒక ప్రైవేటు చోట రాత్రిపూట మిషన్ ఎక్కించారు. నాలుగు గంటల్లో మూడు లీటర్లకు పైగా నీరు లాగారు. తెల్లారేసరికి ఆక్సిజన్ 97. మాస్కు తీసేసి ఇడ్లీ తినింది. రిపోర్టు తర్వాత వచ్చింది, నెగెటివ్. ఆమెకు వచ్చింది కరోనా కాదు, నీళ్లు. సరుడు మాత్రం ఇంకా ఆ షేట్ దగ్గరే ఉంది.

ఏ సెంటరు, ఏ ఆస్పత్రి అని నేను పేరు పెట్టడం లేదు. ఆ రోజుల్లో అందరూ భయంతోనే ఉన్నారు. టెక్నీషియన్లు పీపీఈ కిట్టు లోపల చెమటకు తడిసిపోతూ మాకు సూదులు గుచ్చారు. ఫిస్టులాకు సూది పెట్టాలంటే మా మొహానికి మూర దూరంలో మొహం పెట్టి వంగాల్సిందే. ఆరడుగుల దూరం అనే మాట వాళ్లకు ఉద్యోగంలోనే కుదరదు. వాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. ఏం చెయ్యాలో రాసిపెట్టిన కాగితం వాళ్ల చేతిలో లేకపోవడం మీదే నా ఫిర్యాదు.

డయాలసిస్ తప్పిన ఆయాసం, కోవిడ్ ఆయాసం పైకి ఒక్కలాగే ఉంటాయి. ఆక్సిజన్ పడిపోవడమూ ఒకటే, స్కాన్‌లో తెల్లమచ్చలూ చాలాసార్లు చూడ్డానికి ఒకటే. అటువంటప్పుడు రిపోర్టు వచ్చేదాకా డయాలసిస్ ఆపడమంటే, కోవిడ్ లేనివాణ్ణి నీళ్లలో ముంచడం, కోవిడ్ ఉన్నవాణ్ణి రెండు రకాలుగా ముంచడం. చేయాల్సిన పని కిడ్నీ డాక్టర్ల సంఘం, కేంద్ర ఆరోగ్య శాఖ 2020 లాక్‌డౌన్ రోజుల్లోనే చెప్పాయి. అనుమానం ఉన్న పేషెంటుకు విడిగా గది ఉంటే గదిలో, లేకపోతే ఆ రోజు ఆఖరి షిఫ్టులో చేయండి, తర్వాత హాలు శుభ్రం చేసుకోండి, ప్రతి రాష్ట్రమూ కోవిడ్ పేషెంట్ల కోసం కనీసం ఒక డయాలసిస్ యూనిట్‌ను మిషన్లు, ఆర్ఓ నీళ్ల ప్లాంటు, నేర్చిన సిబ్బందితో సహా ముందే కేటాయించండి అని. ఇందులో కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. ఆ కాగితం ఢిల్లీలో పుట్టి ఎక్కడో ఫైల్లో నిద్రపోయింది, మా సెంటరు గోడ దాకా రాలేదు.

తిప్పి పంపడం వల్ల జరిగిన నష్టం ఆ ఒక్కామెతో ఆగలేదు. ఆమె సంగతి వారంలో అన్ని షిఫ్టులకూ పాకింది. డయాలసిస్ హాలంటే నాలుగు గంటలు పక్కపక్క బెడ్ల మీద పడుకుని ఒకరి కష్టం ఒకరు చెప్పుకునే చోటు, అక్కడ దాగేది ఏమీ ఉండదు. అందరికీ ఒక పాఠం అర్థమైంది: జ్వరమని చెప్తే మిషన్ ఎక్కించరు. ఆ తర్వాత ఒక పెద్దాయన, ఊరు చెప్పను, బస్టాండు దగ్గర డోలో 650 మింగి, గంటసేపు చెట్టు కింద కూర్చుని, ఒళ్లు చల్లబడ్డాక గేటు దగ్గరికి వచ్చేవాడు. నుదుటికి జ్వరం చూసే గన్ను పెడితే మామూలు. దగ్గు వస్తే కండువా నోట్లో కుక్కుకునేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఇంకో డయాలసిస్ తప్పితే చచ్చిపోతానని తెలిసిన మనిషి. ఆయన పడుకున్న వరసలో తర్వాత పది రోజుల్లో ఎవరెవరికి వచ్చిందో నేను చూశాను. ఎవరి నుంచి ఎవరికి అంటుకుందో నాకు తెలీదు, ఎవరినీ నిందించను. కానీ లెక్కలు రాసేవాడిగా ఒక లెక్క మాత్రం కచ్చితంగా చెప్పగలను. చెప్పినవాడికి నష్టం, దాచినవాడికి లాభం ఉన్నచోట అందరూ దాస్తారు. మండీలో అయినా అంతే, మీ ఆఫీసులో అయినా అంతే.

పైగా మాకు జ్వరం గన్నును నమ్మడానికి లేదు. రోగనిరోధక శక్తి తక్కువైన ఒంటికి వైరస్ వచ్చినా జ్వరం సరిగా రాకపోవచ్చు. నీరసం, మిషన్ మీద ఉండగా బీపీ పడిపోవడం, అన్నం సయించకపోవడం, ఇంతే కనపడొచ్చు. కాబట్టి గేటు దగ్గర కాపలా మనిషి పట్టుకునే గన్ను కన్నా, పేషెంటు తనంతట తాను ముందురోజు ఫోన్ చేసి ‘గొంతు నొప్పిగా ఉంది, నన్ను ఆఖరి షిఫ్టుకు మార్చండి’ అని చెప్పడమే మీకు పెద్ద కాపలా. ఆ ఫోన్ రావాలంటే, చేసినందుకు డయాలసిస్ పోదనే నమ్మకం ముందు ఉండాలి.

అందుకే కలెక్టర్ గారూ, మేం అడిగేది కొత్త భవనం కాదు, శంకుస్థాపన కాదు. తెలుగులో ఒక కాగితం. జిల్లాలోని ప్రతి డయాలసిస్ సెంటరు గోడకు, బరువు చూసుకునే మిషన్ పక్కన, ఎందుకంటే అందరం అక్కడ ఆగుతాం కాబట్టి, అది అంటించి ఉండాలి. జ్వరం, దగ్గు, ఆయాసం ఉన్నా ఇక్కడ డయాలసిస్ ఆపరు అనే మాట మొదటి లైనులో ఉండాలి. ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఏ షిఫ్టులో రావాలి, మనిషికి ఆక్సిజన్ కూడా అవసరమైతే ఏ ఆస్పత్రిలో మిషనూ బెడ్డూ రెండూ ఒకేచోట ఉన్నాయి, అక్కడికి బండి ఎవరు పంపుతారు, ఇవన్నీ దాని కింద ఉండాలి. కేసులు పెరిగాక మీటింగు పెట్టి రాసే కాగితం కాదు ఇది. ఇప్పుడు, ఎవరికీ ఏమీ లేనప్పుడు రాయాలి. జిల్లాలు విడిపోయాయి గానీ నంద్యాల వైపు నుంచి కర్నూలు సెంటర్లకు వచ్చే పేషెంట్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు మా జిల్లా కాదు అనే మాట ఆ రోజు వినపడకుండా నంద్యాల కలెక్టర్ గారితో కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. హైదరాబాద్ ఉంది కదా అనుకోవద్దు. 2021 మేలో తెలంగాణ సరిహద్దులోని పుల్లూరు టోల్ గేటు దగ్గర అంబులెన్సులను ఆపేస్తే అవి వరసగా నిలిచిపోయిన సంగతి ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు.

సెంటర్ల యాజమాన్యాలకు ఒక మాట. మీ సిబ్బంది చాలామంది కోవిడ్ వచ్చినవాళ్లకు వేరే మిషన్ కావాలి, అది లేదు కాబట్టి చేయలేం అంటారు. ఆ అలవాటు హెపటైటిస్ బి నుంచి వచ్చింది. అది రక్తంతో అంటుకునే జబ్బు, దానికి విడిగా మిషన్, విడిగా గది ఉండాల్సిందే, అందులో తేడా లేదు. కరోనా గాలితో, తుంపరలతో అంటుతుంది. మిషన్ కన్నా గది ముఖ్యం. మధ్యాహ్నం ఏసీ కోసం కిటికీలన్నీ మూసేసిన హాలు, ఒకరి భుజం మీద ఒకరు కూర్చునే వెయిటింగ్ బెంచీ, మిషన్ మీద ఉండగానే మాస్కు తీసి అందరం ఒకేసారి తినే టిఫిను, నలుగురైదుగురం కలిసి వచ్చే షేరింగ్ బండి, ఇవీ జబ్బు తిరిగే దారులు. మా సెంటర్లో బెడ్ల మధ్య టెక్నీషియన్ పక్కకు తిరిగి నడిస్తే తప్ప పట్టనంత సందు ఉంటుంది. మిషన్లో వాడే యాసిడ్, బైకార్బ్ ద్రావణాల క్యాన్లు అక్కడే. మధ్యలో ఒక బెడ్డు తీసేయమంటే ఆదాయం పోతుందంటారు. కనీసం దగ్గే మనిషిని వరస చివర, కిటికీ పక్కన వేయొచ్చు కదా, దానికి ఖర్చేమీ లేదు. ఇంకో సంగతి, హెపటైటిస్ బి వాళ్ల గది ఖాళీగా ఉంది కదా అని కోవిడ్ అనుమానం ఉన్నవాళ్లను అందులో పడుకోబెట్టొద్దు. ఒక జబ్బుకు భయపడి ఇంకో జబ్బు అంటించుకున్నట్టవుతుంది.

కోలుకున్నాక మళ్లీ సొంత సెంటరుకు రావడం కూడా ఒక నరకమే అయ్యింది అప్పట్లో. మా ఒంట్లోంచి వైరస్ ముక్కలు వారాల తరబడి పోవు. మనిషి బాగైపోయి తిరుగుతున్నా ఆర్‌టీపీసీఆర్ పాజిటివ్ అనే చూపిస్తుంది. ‘నెగెటివ్ తెస్తేనే రండి’ అని పట్టుబట్టడం వల్ల కొందరు దగ్గులేదు, జ్వరంలేదు, అయినా ఊరు కాని ఊర్లో వేరే చోట నెలరోజులు డబ్బు కట్టి చేయించుకున్నారు. ఎన్ని రోజులకు, ఏ లక్షణాలు తగ్గితే తిరిగి తీసుకోవాలో కిడ్నీ డాక్టరుతో రాయించి అదే కాగితంలో పెట్టండి.

టీకాల గురించి కొంచెం కోపంగానే రాస్తున్నాను, మన్నించండి. 2021 మార్చి 1న ఇతర జబ్బులున్న 45 ఏళ్లు దాటినవాళ్లకు టీకా మొదలుపెట్టారు. ఆ జబ్బుల జాబితాలో డయాలసిస్ కూడా ఉంది, మంచిదే. మా షిఫ్టులో ముప్పై ఏళ్ల కుర్రాళ్లు ఉన్నారు. జబ్బు పెద్దదే గానీ వయసు చిన్నదని వాళ్లు మే నెల దాకా ఆగారు, మే వచ్చాక టీకాలే దొరకలేదు. దొరికినచోట మమ్మల్నీ అందరితో పాటు స్కూలు ఆవరణలో క్యూలో నిలబెట్టారు, జబ్బు వస్తే చచ్చిపోయేవాళ్లను జనం గుంపులో. ఈ జిల్లాలో ప్రభుత్వానికి వెతక్కుండా దొరికే మనుషులు ఎవరైనా ఉన్నారంటే అది మేమే. పలానా రోజు, పలానా గంటకు, పలానా బెడ్డు మీద నాలుగు గంటలు కదలకుండా ఉంటాం. ఏఎన్ఎం అమ్మ డబ్బా పట్టుకుని ఒక్క వారం మూడు షిఫ్టులూ తిరిగితే సెంటరు మొత్తం అయిపోతుంది. హెపటైటిస్ బి టీకా మాకు సెంటర్లోనే, మామూలు వాళ్లకన్నా రెట్టింపు మోతాదులో వేస్తారు. ఎందుకంటే మా ఒంట్లో టీకా సరిగా పట్టదు. కరోనా టీకాకూ అదే ఇబ్బంది, మాలో యాంటీబాడీలు తక్కువ వస్తాయి, త్వరగా తగ్గుతాయి. అందుకే ఇకముందు ఏ టీకా వచ్చినా, కరోనాదైనా, ఫ్లూదైనా, నిమోనియాదైనా, సెంటరుకే పంపించండి. మాతో పాటు వచ్చే భార్యో, కొడుకో, వాళ్లకూ అక్కడే వేయండి. మాకు జబ్బు ఇంట్లోంచి కూడా వచ్చేది.

ఇంట్లోనే చేసుకునే డయాలసిస్ ఒకటుంది, పొట్టలోకి గొట్టం వేసి మందు నీళ్లు నింపి తీసేది. కరోనా రోజుల్లో అది చేసుకునేవాళ్లకు గేటు దగ్గరికి వచ్చే పనే లేకపోయింది. దానికి శుభ్రమైన గది, మందు నీళ్ల సంచులు పెట్టుకునే చోటు, చేతులు కడుక్కునే నీళ్లు కావాలి. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే మా పల్లెల్లో అందరికీ కుదరదు. కుదిరేవాళ్లకైనా ఆ దారి ఉందని మొదట్లోనే ఎవరైనా చెప్పాలి. నాకు ఎవరూ చెప్పలేదు, మిషన్ ఎక్కిన రెండేళ్లకు పక్క బెడ్డు అతని ఫోన్లో చూసి తెలుసుకున్నాను.

శ్రీకాకుళం వైపున్న ఉద్దానం పేరు చెబితే రాష్ట్రమంతా ‘కిడ్నీలు’ అంటుంది, ఆ ప్రాంతానికి ఆస్పత్రి వచ్చింది, రావాల్సిందే. సీమలో కిడ్నీలు పోయినవాళ్లకు అట్లాంటి ఒక్క పేరు లేదు. షుగరుకూ బీపీకీ ఊరూరా ఒకరిద్దరం చెదిరిపోయి ఉన్నాం, ఒకచోట గుంపుగా లేము కాబట్టి పత్రికల్లోకి ఎక్కము. వైద్యం ఖర్చు ఆరోగ్యశ్రీ భరిస్తోంది, ఇప్పుడు దాన్నే ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. పేరు ఏదైనా ఆ కార్డు లేకపోతే మాలో చాలామంది ఎప్పుడో పోయి ఉండేవాళ్లం. ఆ మేలు మరిచి రాస్తున్నది కాదు ఇది.

డీఎంహెచ్‌ఓ గారూ, సెంటర్లను తనిఖీ చేసే అధికారం మీకుంది. వచ్చేటప్పుడు ముందుగా చెప్పకండి. చెబితే ఆ రోజు బెడ్లు దూరం జరుగుతాయి, కిటికీలు తెరుచుకుంటాయి. మాది మంగళ, గురు, శనివారాల మధ్యాహ్నం షిఫ్టు. ఒంటిగంటకు ముందు షిఫ్టు వాళ్లు దిగుతుంటారు, మేం బయట బెంచీ మీద ఎక్కడానికి కాచుకుని ఉంటాం, ఆ అరగంటలో రండి. గేటు దగ్గర ఉన్న మనిషిని ఒకే ప్రశ్న అడగండి: ‘నాకు రెండు రోజులుగా జ్వరం, ఈరోజు నా డయాలసిస్ ఎన్నింటికి?’ అతను ఏమన్నాడో రాసుకుని కలెక్టర్ గారికి పంపండి. మేం అడిగిన కాగితంలో ఏముండాలో ఆ జవాబును బట్టి ఆయనే చెప్తారు.

ఇట్లు,
ఒక డయాలసిస్ పేషెంటు,
పత్తికొండ, కర్నూలు జిల్లా